మొదటి పేజీలో తల్లి ఎక్కడ?

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కు రెండు వీధుల అవతల ఒక శిశు గృహం ఉంది. ఇరవై అయిదేళ్ళు నిండుతున్నాయి కనుక సావనీరు వేస్తున్నామనీ, సంస్థ తొలి రోజుల చరిత్ర నన్ను రాసిపెట్టమనీ దాని నిర్వాహకులు అడిగారు. "మీరు సోషియాలజీలో డాక్టరేట్ చేశారు, ఆడవాళ్ళ సమస్యల మీద రాస్తుంటారు, మీరైతేనే బాగుంటుంది" అన్నారు. సరేనన్నాను. సంస్థ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక్కరి తప్పుగా మిగిలిపోతుంది. నేను మాట్లాడదలచుకున్నది ఒక్క సంస్థ గురించి కాదు.

వాళ్ళు చెప్పిన కథ మీరంతా ఏదో ఒక రూపంలో విన్నదే. 2001 వానాకాలం. అప్పటికి మియాపూర్ అంటే బస్సు డిపో, హైవే, రాళ్ళూ తుప్పలూ. ఒక రాత్రి గేటు ముందు పాత చీరలో చుట్టిన ఆడశిశువు. తెల్లవారి చూసిన దంపతుల గుండె కరిగింది. ఆ పాపతో మొదలై సంస్థ ఇంతయింది. దాతలు, గ్రిల్లుల కిటికీలు, రంగురంగుల ఊయలలు, పుట్టినరోజులకు కేకులు పట్టుకొచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల యువతీ యువకులు.

ఆఫీసు గదిలో స్టీలు బీరువా తెరిచి మొదటి రిజిస్టరు నా చేతికిచ్చారు. నిలువు గీతలు గీసి గళ్ళు చేశారు. తేదీ, ఆడ లేక మగ, బరువు, ఎలా వచ్చింది, తల్లిదండ్రుల వివరాలు. మొదటి పాపకు ఎదురుగా "ఎలా వచ్చింది" అన్న గడిలో "దొరికిన శిశువు" అని ఉంది. తల్లిదండ్రుల గడిలో అడ్డగీత. నేను దాన్ని పైకి చదివి రాసుకుంటుంటే గుమ్మం దగ్గర బట్టలు మడత పెడుతున్న ఆయమ్మ తలెత్తింది.

"దొరికిందేంది మేడమ్, దాని తల్లి వచ్చె గద. రెండు దినాలు గీ వరండాలనే ఉండె. పాలిచ్చుకుంట కూసునె. మూడో దినం పొద్దుగాల లేసి చూస్తే లేదు."

ఎక్కడామె అని అడిగాను. "దేవరకొండ దిక్కు తండా అన్నది. మొగడు గీడనే బిల్డింగు పనిల ఉండెనంట. గిది మూడో ఆడివిల్ల అని ఏడ్సింది. నేను రొట్టె ఇస్తే తినలె."

మరి రిజిస్టర్లో ఇలా ఎందుకు రాశారమ్మా అంటే, "నాకు సదువొస్తదా మేడమ్, ఆళ్ళేం రాసుకున్నరో" అని మళ్ళీ బట్టల్లో పడిపోయింది.

రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఒక మనిషి కూర్చుని పాలిచ్చిన చోటు, చరిత్రలో ఒక అడ్డగీత అయింది. ఇది నిర్లక్ష్యమా? అబద్ధమా? రెండూ కాదని నా అనుమానం. ఆ "దొరికిన" అన్న మాటకు ఒక అవసరం ఉంది. అది తెలియాలంటే ఆ రోజుల్లో ఈ రాష్ట్రంలో జరిగింది గుర్తు చేసుకోవాలి.

1999లో ఒకసారి, 2001లో మరోసారి, హైదరాబాదులోనూ తాండూరులోనూ నడుస్తున్న కొన్ని దత్తత సంస్థల మీద పోలీసులు కేసులు పెట్టారు. తండాల నుంచి లంబాడా ఆడశిశువులను దళారుల ద్వారా తెప్పించి విదేశీ దత్తతలకు పంపుతున్నారన్నది ఆరోపణ. తల్లి చేతిలో పడింది వందలు, మహా అయితే కొన్ని వేల రూపాయలు. బిడ్డను తీసుకునే విదేశీ దంపతులు సంస్థకు కట్టింది వేల డాలర్లు. పత్రికలు హోరెత్తాయి, లైసెన్సులు పోయాయి, పిల్లలను ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. 2001 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. పేదరికం వల్లనో, పిల్లలు ఎక్కువయ్యారనో, ఆడపిల్ల వద్దనో కన్నవాళ్ళు బిడ్డను సంస్థలకు అప్పగించడం ఇకమీదట చెల్లదని దాని సారాంశం.

నేనప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాను. స్నేహితురాళ్ళతో కలిసి అమీర్‌పేట దగ్గరి శిశువిహార్‌కు వెళ్ళాను. ఒక్కో ఊయలలో ఇద్దరేసి పిల్లలు. అప్పటి నా నోటుబుక్కు ఇంకా ఉంది. పిల్లల బరువులు రాసుకున్నాను, పాలసీసాల సంఖ్య రాసుకున్నాను, దళారులనూ సంస్థలనూ తిడుతూ రెండు పేజీలు రాసుకున్నాను. తల్లి అన్న మాట ఎక్కడా లేదు. కనుక ఆ అడ్డగీత గీసిన చేతిని తప్పుపట్టే ముందు నా చేతిని చూసుకోవలసి వచ్చింది.

ఉత్తర్వు దళారులను ఆపడానికి వచ్చింది, మంచిదే. కానీ అది తల్లికేమి ఇచ్చింది? పేదరికం కారణంగా బిడ్డను ఇవ్వకూడదు అన్న రాజ్యం, పేదరికం సంగతి ఏం చేసింది? మూడో ఆడపిల్లను కన్న స్త్రీకి ఏడాదిపాటు బతకడానికి ఇంత బత్తెం ఇస్తాను, చంటిబిడ్డతో ఉండడానికి చోటిస్తాను అని ఆ ఉత్తర్వుతో పాటు ఇంకో ఉత్తర్వు రాలేదు. అప్పగించే తలుపు మూసుకున్నాక మిగిలినవి రెండు దారులు. ఒకటి బిడ్డ ప్రాణం తీసే దారి. రెండోది వదిలేసి కనిపించకుండా పోయే దారి. చేతికిచ్చి, పేరు చెప్పి, వేలిముద్ర వేసిన తల్లి నేరంలో భాగస్తురాలు అవుతుంది, పుచ్చుకున్న సంస్థ ఇంకా పెద్ద చిక్కులో పడుతుంది. "గేటు ముందు దొరికింది" అంటే ఎవరికీ చిక్కు లేదు. పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం, పత్రికలో ఒక ప్రకటన, ఆపైన బిడ్డ దత్తతకు అర్హురాలు. ఈ శిశు గృహం మొదటి పేజీ రాసినవాళ్ళు ఆ ఉత్తర్వు వచ్చిన నాలుగైదు నెలలకు రాశారు. ఆ సంగతి మరవకుండా ఆ పేజీ చదవాలి.

తండాల్లో ఈ పరిస్థితి ఎలా వచ్చిందో గీతా రామస్వామి, భంగ్యా భూక్యా కలిసి దక్షిణ తెలంగాణలో అధ్యయనం చేశారు. లంబాడాల్లో ఒకప్పుడు ఓలి ఉండేది, మగపిల్లవాడి వైపువాళ్ళు పిల్ల తండ్రికి ఇచ్చుకునేవాళ్ళు. అది పోయి కట్నం వచ్చింది. బంజారా జీవితం పోయి రాళ్ళ నేలల్లో వర్షాధారపు సేద్యం, అప్పులు, వలస వచ్చాయి. 1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న కుర్రవాడికి ఆ ఉద్యోగమే కట్నం రేటయింది. ఇదంతా వదిలేసి, మూడో కాన్పు, ఆరో కాన్పు, తొమ్మిదో కాన్పు ఆడపిల్లలు అరిష్టమని వాళ్ళకొక మూఢనమ్మకం ఉందనే మాటను మాత్రం ఎంతోమంది ఎత్తి చూపారు. నమ్మకం ఉంటే ఉండవచ్చు. కానీ అరిష్టం ఏ అంకె మీద పడుతుందో కట్నం బేరం నిర్ణయించదా? మా కులాల్లో, మా నగరంలో, స్కానింగ్ సెంటరుకు కారులో వెళ్ళి అదే పని చేసుకున్నవాళ్ళను మూఢులని ఎవరూ అనలేదు.

ఇంకొకటి కూడా మరవకూడదు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్ళను స్థానిక ఎన్నికల్లో నిలబడడానికి అనర్హులను చేసింది. తొంభైల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాలతో ఆరోగ్య కార్యకర్తలు ఊళ్ళు తిరిగారు. చిన్న కుటుంబం కావాలన్నది రాజ్యం. అందులో కొడుకు ఉండి తీరాలన్నది ఇల్లు. ఈ రెండు కోరికలూ తీరాలంటే ఎక్కడో ఒకచోట ఒక ఆడపిల్ల తగ్గాలి కదా. ఆ లెక్క తేల్చే భారం బాలింత నెత్తిన పడింది. దేవరకొండ, చందంపేట ప్రాంతాల్లో తొంభైల చివరి నుంచి పనిచేసిన 'గ్రామ్య' వంటి స్త్రీల సంస్థలు తండా తండాకూ వెళ్ళి గర్భిణులతోనూ వాళ్ళ అత్తలతోనూ మాట్లాడుతూ వచ్చాయి. పిల్లను పుచ్చుకోవడానికి కాకుండా, తల్లి దగ్గరే నిలబెట్టడానికి.

పత్రికల భాష సంగతి చెప్పనక్కర్లేదు. ఇప్పటికీ చెత్తకుండీ దగ్గర పసికందు దొరికితే మర్నాడు శీర్షిక "కసాయి తల్లి". "కసాయి తండ్రి" అని చూశారా మీరెవరైనా? పోలీసులు కూడా ముందు వెతికేది ఈమధ్య కాన్పయిన ఆడవాళ్ళనే. పన్నెండేళ్ళలోపు బిడ్డను వదిలేస్తే ఏడేళ్ళ దాకా జైలు అని భారత శిక్షాస్మృతిలో 317వ సెక్షన్ ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 93గా ఉంది. అది తండ్రికీ తల్లికీ సమానమే, కాగితం మీద. అయితే హక్కు దగ్గరికి వచ్చేసరికి 2010 దాకా కాగితం మీద కూడా సమానం లేదు. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం అప్పటిదాకా తండ్రి ఉన్నంతవరకూ బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తండ్రిదిగానే ఉండేది. తల్లిది సమ్మతి మాత్రమేగా ఉండేది. పెళ్ళయిన స్త్రీ తన పేరున దత్తత తీసుకోవడానికి కూడా 2010 సవరణ దాకా ఆగవలసి వచ్చింది. అంటే అన్నాళ్ళూ ఇచ్చే అధికారం ఆమెది కాదు, తీసుకునే అధికారం ఆమెది కాదు. వదిలేసిన నేరం మాత్రం ఆమెది.

అనాథ శిశువుల సేవా చరిత్ర ఇలాగే మొదలవ్వాలని లేదు. 1863లో పుణేలో సావిత్రీబాయి, జోతిరావు ఫూలేలు తమ ఇంట్లోనే బాలహత్యా ప్రతిబంధక గృహం తెరిచారు. కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు, తనను మోసగించినవాడు తప్పుకుంటే, పుట్టిన బిడ్డను చంపుకుని అండమాన్ శిక్షకు గురైన ఉదంతం వాళ్ళను కదిలించింది. ఆ గృహం గురించి వాళ్ళు ఊళ్ళో వేసిన ప్రకటన ఎవరిని ఉద్దేశించినదో గమనించండి. దాతలను కాదు, దత్తత కోరేవారిని కాదు. గర్భవతి అయిన వితంతువును. వచ్చి గుట్టుగా క్షేమంగా పురుడు పోసుకో, బిడ్డను వెంట తీసుకెళ్తావో ఇక్కడ ఉంచుతావో నీ ఇష్టం అన్నారు. ఫూలేలు యశ్వంత్‌ను దత్తత చేసుకున్నది అక్కడే, 1874లో. అతని కన్నతల్లి పేరూ కాశీబాయే. ఆ పేరు మనకు తెలుసు. నూట యాభై ఏళ్ళు దాటినా తెలుసు. ఇరవై అయిదేళ్ళ కిందట మా వీధిలో పాలిచ్చి వెళ్ళిన ఆమె పేరు తెలియదు.

(మన కందుకూరి 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించాడు. గొప్ప పనే. కానీ ఆయన చూపిన దారి స్త్రీని మళ్ళీ ఒక భర్త దగ్గరికి చేర్చేది. పెళ్ళితో సంబంధం లేకుండా తల్లినీ బిడ్డనూ ఒక గదిలో ఉండనిచ్చినది పుణే ఇల్లు. ఈ తేడా గురించి ఇంకోసారి వివరంగా రాయాలి.)

ఇదే మాట ఒక పేరాగా సావనీరు వ్యాసంలో రాశాను. ఆయమ్మ చెప్పింది కూడా, ఊరు పేరు లేకుండా చేర్చాను. నిర్వాహకురాలు చదివి చాలాసేపు ఏమీ అనలేదు. మంచి మనిషి, అరవై అయిదేళ్ళుంటాయి, రాత్రిళ్ళు లేచి పిల్లలకు పాలు పట్టిన మనిషి. "మేము లేకపోతే ఆ పిల్లలు బతికేవాళ్ళా మేడమ్?" అని అడిగింది. బతికేవాళ్ళు కాదేమో. ఆ మాట ఒప్పుకోకపోతే నేను నిజాయితీ తప్పినట్టే. కానీ ఆమె ప్రశ్నకు పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. రెండు రోజులు కూర్చున్న తల్లికి మూడో రోజున ఎవరైనా "నువ్వూ ఉండిపో, ఇక్కడే పని చేసుకో" అని ఉంటే? ఆయాలను వెతుక్కుంటున్న సంస్థే కదా అది.

ఆమె రెండో అభ్యంతరం మరింత బలమైనది. "ఆ అమ్మాయి పేరు బయటపడకూడదనే వెళ్ళిపోయింది. ఇప్పుడు మీరు తవ్వి తీస్తే ఆమె కాపురం ఏం కావాలి?" మన ఉద్యమంలో దీని గురించి మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. తల్లయిన ప్రతి స్త్రీ బిడ్డను పెంచే తీరాలని మనం అనలేం. అంటే మాతృత్వపు సంకెలను మనమే మళ్ళీ బిగించినట్టు. పెళ్ళి కాని అమ్మాయికి, బలాత్కారానికి గురైన అమ్మాయికి బిడ్డను ఇచ్చి గుట్టుగా తన దారిన వెళ్ళే హక్కు ఉండాలి. 2015 బాలల న్యాయ చట్టం 35వ సెక్షన్ ఆ వీలు ఇస్తుంది. బాలల సంక్షేమ కమిటీ ఎదుట బిడ్డను అప్పగించవచ్చు, కమిటీ కౌన్సెలింగ్ ఇప్పించాలి, పునరాలోచించుకోవడానికి అరవై రోజుల గడువుంటుంది. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు మొదలుపెట్టిన ఆలోచనకు ఇది కొనసాగింపు. కానీ గుట్టు వేరు, చెరిపివేత వేరు. గుట్టు అంటే ఆమె వివరాలు భద్రంగా ఉండి, ఆమె అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకపోవడం. చెరిపివేత అంటే ఆమె రాలేదని రాసుకోవడం. మొదటిది ఆమె కోసం. రెండోది మన కోసం.

దొరికిన బిడ్డ అని రాస్తే ఆ అరవై రోజులు ఆమెకు దక్కవు. నలభయ్యో రోజున తిరిగొచ్చి గేటు ముందు నిలబడ్డా, ఆమె ఎవరని అడుగుతారు. అలా ఎవరైనా వచ్చారా అని ఆయమ్మను అడిగాను. "వచ్చేటోళ్ళు వచ్చిండ్రు" అని మాత్రం అన్నది.

పెరిగి పెద్దయిన పిల్లల వైపు నుంచి చూడండి. విదేశాలకు వెళ్ళిన తెలుగు పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నారు. కొందరు హైదరాబాదు వచ్చి కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. నాలుగేళ్ళ కిందట ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. మొహం చూస్తే అచ్చం మన పిల్ల, నోట్లో ఒక్క తెలుగు ముక్క లేదు. ఆమె దగ్గర ఉన్నది ఇంగ్లీషులో టైపు చేసిన అప్పగింత పత్రం, అడుగున ఒక వేలిముద్ర. అక్షరాలు రాని తల్లికి ఆ ఇంగ్లీషును ఎవరు చదివి వినిపించారు? ఆ అమ్మాయి తన బొటనవేలు ఆ ముద్ర పక్కన పెట్టి చూసుకుంది. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. మన దత్తత నిబంధనలు పద్ధెనిమిదేళ్ళు నిండినవారు తమ మూలాలు వెతుక్కోవడానికి వీలిస్తున్నాయి. అయితే రిజిస్టర్లో అడ్డగీత ఉంటే ఏ నిబంధన ఏం చేస్తుంది?

ఈ ప్రశ్నను ఎదుర్కొన్న దేశాలు ఉన్నాయి. పెళ్ళికాని తల్లుల నుంచి బలవంతంగా పిల్లలను తీసుకున్నందుకు 2013లో ఆస్ట్రేలియా ప్రధాని పార్లమెంటు భవనంలో క్షమాపణ చెప్పింది, మొట్టమొదట ఆ తల్లులకు. ఐర్లండ్ 2022లో చట్టం చేసి దత్తత వెళ్ళినవారికి తమ పుట్టుక వివరాలు పొందే హక్కు ఇచ్చింది. దక్షిణ కొరియాలో విదేశీ దత్తతల కోసం పిల్లల రికార్డులు తారుమారు చేశారనీ, అందులో ప్రభుత్వానికి బాధ్యత ఉందనీ 2025లో ఆ దేశపు సత్య శోధన కమిషన్ తేల్చింది. తల్లి ఉన్న పిల్లలను అనాథలని రాయడం అక్కడ కూడా ఒక పద్ధతే.

పాత కథ కదా, ఇప్పుడు అంతా కంప్యూటర్లో కదా అనుకునేవారు ఉంటారు. దేశంలో ఏటా చట్టబద్ధంగా దత్తత వెళ్తున్న పిల్లలు నాలుగు వేల చిల్లర. పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న దంపతులు ముప్ఫై వేలకు పైనే, మూడేళ్ళకు మించిన నిరీక్షణ. ఆ వరుసలో నిలబడే ఓపిక లేనివాళ్ళ కోసం బజారు ఉండనే ఉంది. 2024 మేలో మేడిపల్లి దగ్గర రాచకొండ పోలీసులు శిశువుల అమ్మకాల ముఠాను పట్టుకున్నారు, పది మందికి పైగా పసిపిల్లలు బయటపడ్డారు. 2025లో సికింద్రాబాదులో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద కేసు. అద్దె గర్భం పేరు చెప్పి, పేద దంపతుల దగ్గర కొన్న బిడ్డను "మీ బిడ్డే" అని అంటగట్టారన్నది అక్కడి ఆరోపణ. అప్పుడు లంబాడా తండా, ఇప్పుడు అస్సాం నుంచి వచ్చిన కూలీల గుడిసె. మా మెట్రో స్టేషన్ కింద పొద్దున్నే తట్టా పారా పట్టుకుని నిలబడే ఆడవాళ్ళలో నిండు గర్భిణులు కనిపిస్తారు. ఈ టవర్లన్నీ కట్టింది వాళ్ళే. వాళ్ళు పురిటి తర్వాత నెల రోజులు పడుకోవడానికి ఈ మియాపూర్‌లో ఒక్క మంచం లేదు. ఊయలలు మాత్రం ఉన్నాయి, స్పాన్సర్ల పేర్లతో.

సావనీరు వచ్చింది. గ్లాసీ పేపరు. నా వ్యాసం ఉంది, ఆ పేరా లేదు. స్థలాభావం అన్నారు. కోపం వచ్చింది కానీ దానికంటే ముఖ్యమైన సంగతి ఆ రోజే తెలిసింది. ఇక్కడ గజం ధర పెరిగింది కదా, ఈ స్థలం అమ్మి ఊరి బయటికి మారుతున్నారట. పాత బీరువాలకు చెదలు పట్టింది, పాత రిజిస్టర్లలో పనికొచ్చేవి స్కాన్ చేసి మిగతావి తీసేద్దామనుకుంటున్నారట. ఏవి పనికొస్తాయో ఎవరు చెప్తారు?

జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఉత్తరం రాశాను. రిజిస్టర్లు ఏవీ పారవేయకుండా ఆదేశించాలని, పాత ఆయాల సాక్ష్యాలను కూడా నమోదు చేసి సీలు వేసిన కవర్లలో ఆయా పిల్లల ఫైళ్ళకు జతచేయాలని అడిగాను. మీ మీ జిల్లాల్లో ఇలాంటి పాత గృహాలు ఉంటే మీరూ రాయండి. ఆయాలు ముసలివాళ్ళయిపోతున్నారు. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా నిర్వాహకురాలే నాకు ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటలు బీరువా తాళం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కిందటి శనివారం రెండో రిజిస్టరు మొదలుపెట్టాం. నేను పేజీ తిప్పి తేదీ, బరువు చదువుతాను. ఆయమ్మ కళ్ళు మూసుకుని ఆలోచిస్తుంది. కొన్నింటికి "యాదికి లేదు" అంటుంది. పదకొండో పేరు దగ్గర కళ్ళు తెరిచింది. "గా పిల్లది? దాని తల్లి సంకల ఇంకో పిల్లగాడు ఉండె. వానికి జెరమొచ్చి కాలిపోతుండె" అన్నది. రాసుకున్నాను.